మామిడితోటలో పల్సర్ కారు

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. మార్చి నెలాఖరులో తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా వెళ్తే దారి పొడవునా కళ్లాల్లో ఎర్రటి మిరపకాయలే. కారు అద్దం దించారా, తుమ్ములు ఖాయం! కొత్తగూడెం రైల్వేస్టేషన్ పేరు ‘భద్రాచలం రోడ్’. ఆ పేరు చూసి దిగిన కొత్తవాళ్లకు రాములవారు ఇంకా 40 కిలోమీటర్ల అవతల ఉన్నారని ఆటోవాళ్లు చెప్పాల్సిందే. పాల్వంచకు దూరం నుంచే ఆనవాలుగా నిలిచిన పాత థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదీ 2024 ఆగస్టులో నేలకూలాయి. అవి లేక ఊరు రావడం తెలియనే లేదు.

నేను బయల్దేరింది నవమి ఏర్పాట్ల గురించి రాద్దామని. పాల్వంచ దాటి, టేకు, తునికి చెట్లు మొదలయ్యే చోట మంచినీళ్ల కోసం ఆగితే, పక్క మామిడితోటలోంచి వింత చప్పుడు. బైకు మోతే కానీ నిలకడ లేదు. గుయ్‌మని లేస్తుంది, నీరసంగా దిగుతుంది, ఆగిపోతుందనుకునేలోపు మళ్లీ లేస్తుంది. వెళ్లి చూస్తే... కారు! ఇనుప గొట్టాల చట్రం, నాలుగు చిన్న చక్రాలు, రెండు సీట్లు. వాటి వెనక పాత పల్సర్ 150 ఇంజిన్. చుట్టూ నలుగురు పాలిటెక్నిక్ కుర్రాళ్లు, ఎనిమిది నల్లటి చేతులు.

అది వాళ్ల చివరి ఏడాది ప్రాజెక్టు. సోమవారం పరీక్షకులు వస్తున్నారు. నేను వెళ్లింది శనివారం. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆ ఇంజిన్ వాళ్లలో ఒకబ్బాయి వాళ్ల నాన్న బండిలోది. రెండు నెలలకని అడిగి తెచ్చుకున్నారు. ఆయనేమో మిరప కోతల కాలంలో రోజూ ఐదు కిలోమీటర్లు నడిచి చేనుకు వెళ్తున్నాడు. ‘ఇంజిన్ పాడైందని ఇంట్లో ఇంకా చెప్పలేదు సార్’ అన్నాడు ఆ అబ్బాయి, నట్టు వంక చూస్తూ.

బైకు ఇంజిన్‌తో కారేమిటని నవ్వకండి. ఇంగ్లండులో కూపర్ తండ్రీకొడుకులు 1946లో 500 సీసీ మోటార్‌సైకిల్ ఇంజిన్‌తోనే రేసు కారు తయారుచేశారు. చైనుతో వెనక చక్రాలు తిరగాలి కాబట్టి ఇంజిన్‌ను వెనక పెట్టారు. స్టిర్లింగ్ మాస్ 1948లో అలాంటి కారుతోనే రేసులు మొదలుపెట్టాడు. వెనక ఇంజిన్ ఉన్న కూపర్ కారే 1959లో జాక్ బ్రాభమ్‌ను ప్రపంచ ఛాంపియన్‌ను చేసింది. మన కుర్రాళ్ల కారుకు రివర్స్ గేరు లేదు. వెనక్కి పోవాలంటే దిగి తొయ్యడమే! రోడ్డెక్కించడానికి చట్టం ఒప్పుకోదు కనుక దాని ప్రపంచమంతా ఆ తోటే.

పెట్రోలులో చెత్త ఉందేమో అన్నాను, తెలిసినట్టు. ‘కార్బరేటర్ మూడుసార్లు కడిగాం సార్’ అన్నారు. ప్లగ్గు రెండుసార్లు మార్చారు. ఐడ్లింగ్ స్క్రూ బిగించీ బిగించీ ఇంజిన్‌ను అరిపిస్తున్నారు. ఆ వేగంలో గేరు వేస్తే కారు కప్పలా దూకుతోంది.

మధ్యాహ్నానికి పాల్వంచ నుంచి ఒక పెద్ద మెకానిక్‌ను తీసుకొచ్చారు. అరవై దాటిన మనిషి. వస్తూనే పానా పట్టలేదు. చెట్టు కింద కూర్చుని ఐదు నిమిషాలు విన్నాడు.

‘ఆ స్క్రూ ఎవడు తిప్పిండురా?’

నలుగురూ నేల చూపులు.

‘జ్వరమొస్తే దుప్పటి కప్పినట్టుంది మీ పని’ అంటూ స్క్రూ వెనక్కి తిప్పాడు. ప్లగ్గు విప్పి చూపించాడు. తెల్లగా ఉంది. అంటే లోపలికి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ పోతోందన్నమాట. ట్యాంకు పైపు ఊడదీస్తే పెట్రోలు ధారగానే పడింది. మళ్లీ స్టార్ట్ చేసి చోక్ సగం లాగాడు. ఆశ్చర్యం! ఊగిసలాట ఆగిపోయింది. గాలి తగ్గించగానే కుదుటపడిందంటే, దొంగగాలి ఎక్కడి నుంచో దూరుతోంది.

ఎక్కడి నుంచి? మంచినీళ్ల సీసా అడిగాడు. కార్బరేటర్‌ను ఇంజిన్‌కు కలిపే రబ్బరు మీద నాలుగు చుక్కలు వదిలాడు. అంతే, చప్పుడు ఒక్క క్షణం మారింది. నీళ్లు పగులును మూశాయి మరి! కొందరు ఈ పరీక్ష పెట్రోలు చల్లి చేస్తారట. ‘వేడి ఇంజిన్ మీద అది పోస్తే తోటే పోద్ది’ అన్నాడాయన.

రబ్బరు విప్పి వంచితే అడుగున గోరంత పగులు. పైనుంచి చూస్తే కనిపించనే కనిపించదు. మరి బైకు మీద ఇన్నేళ్లూ పగలనిది ఇక్కడెందుకు పగిలింది? నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే. బైకులో కార్బరేటర్‌కు ఒకవైపు ఇంజిన్, మరోవైపు ఎయిర్‌ఫిల్టర్ పెట్టె ఆసరా. ఆ పెట్టె చట్రంలో పట్టలేదని కుర్రాళ్లు తీసేసి చిన్న ఫిల్టర్ తగిలించారు. దాంతో బరువంతా రబ్బరు మీదే పడింది. దానికి తోడు కాలి పెడల్ నుంచి వచ్చే పొడవాటి యాక్సిలరేటర్ కేబుల్ బిగుతుగా ఉంది. ఇంజిన్ ఊగినప్పుడల్లా అది కార్బరేటర్‌ను లాగుతోంది. ఇక రబ్బరు ఎన్నాళ్లు ఆగుతుంది?

కొత్త రబ్బరుకు కుర్రాళ్లు పాల్వంచ పరిగెత్తారు. ఈలోగా మెకానిక్ కార్బరేటర్‌కు ఆసరాగా ఇనుప పట్టీ వంచాడు. ఓ అబ్బాయి దాన్ని చట్రానికి బిగించబోతే వారించాడు. ‘చట్రానికి కాదురా, ఇంజిన్‌కు! రెండూ కలిసి ఊగాలె.’ కేబుల్‌కు కొంచెం వదులిచ్చి, వంపు తిప్పి కట్టాడు. చివరికి మళ్లీ స్క్రూ దగ్గరికొచ్చాడు. ఈసారి నిమిషానికి 1400 చుట్ల దగ్గర ఇంజిన్ నిలకడగా ఆడింది. పది నిమిషాలు వేడెక్కనిచ్చి, చోక్ పూర్తిగా మూసేసి చూశాం. తడబాటు లేదు.

నా నవమి సంగతి మర్చిపోయాను. పొద్దు వాలుతుండగా ఆ అబ్బాయి తండ్రి చేను నుంచి నడుచుకుంటూ వచ్చాడు, చేతులు మిరపఘాటుతో. దూరం నుంచే చెవి ఒగ్గి ‘నా బండే’ అన్నాడు. కూర్చోమంటే సీట్లో ఇరుకుగా కూర్చున్నాడు. కొడుకు కాలి దగ్గర పెడల్ చూపిస్తున్నా, ఆయన కుడిచెయ్యి అలవాటుగా గాల్లోనే యాక్సిలరేటర్ తిప్పింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, దిగుతూ అడిగాడు.

‘మంగళవారం ఇచ్చేస్తరు గదా?’