కదిలే ఓడ, చెదిరిన బొమ్మ



2012లో శ్రీహరికోట నుండి మన దేశం రీశాట్-1 ఉపగ్రహాన్ని పంపింది. అందులోని రాడార్ చీకటిలోనూ, మబ్బుల గుండా కూడా భూమిని చూడగలిగేది. ఇలాంటి రాడార్ ఒక్క క్షణంలో బొమ్మ తీయదు. ముందుకు సాగుతూ, తాను పంపిన తరంగాలు తిరిగివస్తుంటే వాటిని పోగుచేసి బొమ్మగా కూర్చుతుంది. కిందున్నది కదలదనే లెక్కతో కూర్చుతుంది. అందుకే సాగిపోయే ఓడ బొమ్మ చెదిరిపోతుంది. ఒక్కోసారి ఓడ ఒకచోట, దాని వెనుక నీటిలో ఏర్పడిన చార మరోచోట కనబడతాయి.

దాన్ని సరిచేయడానికి ఓడను ఆపనక్కరలేదు. దాన్ని తాకి తిరిగివచ్చిన తరంగాల్లోనే దాని కదలిక గుర్తు ఉంటుంది. ఆ కదలికను లెక్కగట్టి బొమ్మను సరిదిద్దుతారు. అలల మీద ఓడ ఊగే ఊపునే వాడుకొని దాని ఆకారం పట్టే పద్ధతి కూడా ఉంది.

"ఇంట్లో గొడవలు సద్దుమణగనివ్వండి అయ్యగారూ, అప్పులు తీరనివ్వండి, అప్పుడు ప్రార్థనకు వస్తాను" అనేవారు మన మధ్య ఉన్నారు. మార్కు సువార్త 6వ అధ్యాయం చదవండి. ఎదురుగాలిలో శిష్యులు దోనె నడపలేక అలసిపోతుంటే ఒడ్డునున్న ప్రభువు వారిని చూశాడు. గాలి ఇంకా వీస్తుండగానే నీళ్లమీద నడిచి వచ్చాడు. ఆయన దోనె ఎక్కిన తర్వాతే గాలి అణగింది.

మీ దోనె ఊగుతున్నా ఆయనకు స్పష్టంగానే కనబడుతున్నారు. ఈ రాత్రే, ఉన్నపాటున మోకరించండి. ఆమేన్.