వెలుగు ఎచ్చటికి పోయెను?

మేము చైతన్యపురిలో కాపురముండువారము. ఒకనాటి యుదయమున పాఠశాలకు వచ్చుచుండగా, మెట్రో రైలు వంతెన క్రింద బాటప్రక్కను త్రవ్వి పనివారు గొట్టములు దింపుచుండిరి. అవి గాజుతీగలకై యని తెలిసెను. మా తరగతిలోని యొక బాలుడును దానిని చూచియుండెను. “అయ్యగారూ! గాజుతీగలో పోవునది వెలుగే గదా. దానిమీద మన మాటలెట్లు ఎక్కును?” అని యడిగెను.

“దీపమును వెలిగించుచు ఆర్పుచుందురు, వెలిగిన 1, ఆరిన 0” అని చెప్పితిమి.

ఇది కొంతమట్టునకే నిజమని ఆ రాత్రి గ్రంథములు చూడగా తెలిసెను. లేజరు దీపమునకు విద్యుత్తును వడివడిగా హెచ్చించి తగ్గించినచో దాని రంగు ఇంచుక మారును. గాజులో వేర్వేఱు రంగులు వేర్వేఱు వేగములతో పోవును గనుక, దూరము పోవునప్పటికి ఒక సంకేతము ప్రక్కదానితో అలుకుకొనిపోవును. అందుచేత సెకనుకు 1000 కోట్ల సంకేతములను దూరదేశములకు పంపవలసినచో దీపమును ఆర్పరు; దాని యెదుట వ్యతికరణమాపకమును, అనగా ఇంటర్‌ఫెరోమీటరును, తలుపువలె నిలుపుదురు. దీని మూలరూపమును 1891లో జేండరు, 1892లో మాక్ లోకమునకు తెలిపిరి.

మరునాడు తరగతిలో సరూర్‌నగర్ చెరువును జ్ఞప్తికి దెచ్చితిమి. రెండు రాళ్లు విసరినచో అలల వలయములు కలిసికొనును. శిఖరము శిఖరముతో కలిసినచోట నీరు హెచ్చుగా లేచును. శిఖరము పల్లముతో కలిసినచోట కదలకుండును. అట్లే వెలుగును రెండు పాయలుగా చీల్చి, లిథియం నయోబేట్ స్ఫటికమునందలి రెండు దారులలో నడిపింతురు. విద్యుత్తు సోకగానే ఒక పాయ సగము అలయంత వెనుకబడును. అది మిల్లీమీటరులో వెయ్యవ వంతైనను కాదు. పాయలు మరల కలిసినపుడు చీకటి యగును. విద్యుత్తు తొలగినచో వెలుగు.

బాలుడు మరల లేచెను. “శక్తి నశింపదని తమరే చెప్పితిరి. వెలుగు వెలుగుతో కలిసి చీకటియైనచో, ఆ వెలుగు ఎచ్చటికి పోయెను?”

మాకు తెలియదు. ఆ మాట యనుటకు మారుగా, “పాఠములో లేనిది అడుగకుము, కూర్చుండుము” అని కసరితిమి. తరగతి నవ్వెను. అటుపిమ్మట రెండు వారములు ఆ బాలుడు చేయి యెత్తలేదు. తెలియనిదానిని తెలియదనుట ఉపాధ్యాయునకు అవమానము కాదని శిక్షణ కళాశాలలో నేర్చియుంటిమి; ఇన్నియేండ్ల అనుభవము దానిని మఱపించెను.

తుదకు ఉత్తరము దొరికెను. పాయలు కలియుచోట రెండు ద్వారములుంచవచ్చును. ఒకదానియందు చీకటియైనపుడు వెలుగంతయు రెండవదానినుండి వెడలును. రెండవ ద్వారము లేనిచో స్ఫటికములోనికి చెదరిపోవును. వెలుగు నశింపలేదు, దారి మార్చుకొన్నది. నల్లబల్లపై బొమ్మ గీయుటకు ముందు, “నాడు మేము కసరుట తప్పు; మాకప్పుడు తెలియదు” అని యందఱియెదుట చెప్పితిమి. ఈసారి ఎవ్వరును నవ్వలేదు.

బాలుడు మెల్లగా చేయి యెత్తెను. “అయ్యగారూ! రెండవ ద్వారపు వెలుగు వృథాయేనా?”

కాదు. శిఖరము ముందా పల్లము ముందా యను దానిలోనే వార్త నిమిడ్చి పంపు పద్ధతి యొకటి కలదు. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, ముందు చెప్పిన వేగమున ఒక్కొక్క సంకేతము నిడివి 2 సెంటీమీటర్లు. వార్తను పుచ్చుకొనుచోట నుంచు ఇంటర్‌ఫెరోమీటరులో ఒక దారిని అంతమాత్రము పొడిగించినచో, ప్రతి సంకేతమును తన ముందటిదానితో కలియును. రెండును ఒకే తీరుగా నున్నచో ఒక ద్వారమునను, ఎదురుగా నున్నచో రెండవ ద్వారమునను వెలుగు వచ్చును. రెండింటిని సరిపోల్చియే వార్తను చదువుదురు.

“ద్వారములు మూడైనచో?” అని వెంటనే మఱియొక ప్రశ్న వచ్చెను. తెలియదని చెప్పితిమి. శనివారము సాయంకాలము గ్రంథాలయములో ఇద్దఱము కలిసి వెదకనున్నాము.