గజలక్ష్మి మీద భీమిలి యాత్ర

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాడికి భీమిలి వెళ్ళిరావడం కూడా ఒక యాత్రేనా అని మీరు నవ్వొచ్చు. బీచ్ రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల పైచిలుకు, అంతే! బస్సెక్కి రెండు పొట్లాల వేరుశనగలు నమిలేలోగా వచ్చేస్తుంది. కాని మేం వెళ్ళింది బస్సులో కాదు. గజలక్ష్మి మీద!

గజలక్ష్మి మా నాన్నగారి స్కూటరు. కంపెనీ పేరు అడక్కండి, చెప్పను. వెస్పా పోలికలున్న ఇనపరేకుల ఒళ్ళు, కుడివైపు ఇంజను, ఎడమవైపు డిక్కీ, వెనక వీపుకి కట్టుకున్న బిడ్డలా స్టెప్నీ. అది మా ఇంటికి 1987లో వచ్చింది. "వచ్చింది" అనే అంటారు మా ఇంట్లో, "కొన్నాం" అనరు. ఆ రోజుల్లో స్కూటరు కొనడమంటే డబ్బిచ్చి తోలుకురావడం కాదు మరి. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుక్కూచోవాలి. నాన్నగారు పెళ్ళికి ముందు బుక్ చేస్తే, నాకు మాటలు వచ్చాక గుమ్మంలోకొచ్చిందిట. "ఆలస్యమైనా మహాలక్ష్మే వచ్చింది" అని మా బామ్మ హారతిచ్చిందిట. దాని ఆకారం చూసి మహాలక్ష్మిని గజలక్ష్మిగా మార్చింది మా అమ్మ.

మోకాళ్ళ నొప్పులొచ్చి నాన్నగారు కిక్కు కొట్టడం మానేశాక, మూడేళ్ళుగా అది మెట్ల కింద దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. ఇప్పుడు తంటా ఏమిటంటే, పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. బండి బాగుందని ఆఫీసువాళ్ళకి చూపించాలి. ఆ గడువు దగ్గర పడింది. "పాత ఇనప సామానువాడికిచ్చేస్తే మెట్ల కింద జాగా కలిసొస్తుంది కదా" అంది మా అక్కయ్య. నాన్నగారు పేపరు మడిచి, తీర్పు చెప్పారు.

"భీమిలి తీసుకెళ్ళి వెనక్కి తీసుకురండి. దాని కాళ్ళ మీద అది తిరిగొస్తే కాగితాలు చేయిద్దాం. లారీలో వస్తే మాత్రం అటునుంచటే పంపించెయ్యండి."

నాతో బయలుదేరింది మా అక్కయ్య కొడుకు చిన్నా. ఇంజనీరింగు చదువుతున్నాడు. సినిమా అంటే ప్రాణం. మీటలు నొక్కితే కదిలే బళ్ళు తప్ప వేరే రకాలు ఎరగడు.

ముందు రోజే కొంత వైద్యం చేయించాం. మూడేళ్ళ నాటి పెట్రోలు ట్యాంకులోంచి వంపేస్తే ముసలి కషాయంలా వచ్చింది. పెట్రోలు గొట్టం కూడా మార్పించాను. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది గదా, పాతకాలం రబ్బరుకి అది పడదు. కార్బురేటరు విప్పి కడిగించాం. కొత్త పెట్రోలులో లీటరుకి ఇరవై మిల్లీలీటర్ల చొప్పున ఆయిలు కొలిచి పోశాం. ఇది టూ స్ట్రోకు ఇంజను. పెట్రోలుతో కలిసొచ్చే ఆ ఆయిలే దానికి లోపల నునుపు. తగ్గితే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ.

పొద్దున్న ఆరింటికి చిన్నా హెల్మెట్టు పెట్టుకుని హీరోలా కిక్కు మీద కాలేశాడు. ఒకటి... ఐదు... పదిహేను! చొక్కా తడిసింది గాని ఇంజను దగ్గను కూడా దగ్గలేదు. ఎడమవైపు వంచి చూశాం. పాత స్కూటర్లకది సంప్రదాయం, గుడికెళ్తే గంట కొట్టినట్టు! ఊహూఁ.

బాల్కనీలోంచి నాన్నగారు: "పెట్రోలు తిప్పావుట్రా?"

సీటు కింద పెట్రోలు తాళం మూసే ఉంది. తిప్పి, చోకు లాగి కొడితే మూడో కిక్కుకి గజలక్ష్మి వీధంతా మేల్కొనేలా పలికింది.

రామకృష్ణా బీచి దాకా వాడు నోరు విప్పలేదు. సముద్రం పక్కకి రాగానే "మావయ్యా, ఇది భలే ఉందే!" అన్నాడు. ఉండదూ మరి! కారులో అద్దం, బస్సులో కిటికీ చువ్వలు, మోటారు సైకిలు మీద ముందుకి వంగిన నడుం. స్కూటరు మీద మాత్రం కుర్చీలో కూచున్నట్టు నిటారుగా కూచుని, కాళ్ళు దగ్గరపెట్టుకుని, ఊరంతా చూసుకుంటూ పోవచ్చు. 1953లో వచ్చిన 'రోమన్ హాలిడే' చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రాజకుమారి ఆడ్రీ హెప్‌బర్న్ వెస్పా హ్యాండిలు తన చేతిలోకి తీసుకుని రోము వీధుల్ని అల్లకల్లోలం చేస్తుంటే, వెనక కూచున్న గ్రెగరీ పెక్ మొహం చూడాలి! ఆ వేషానికే ఆవిడకి ఆస్కార్ వచ్చింది. స్కూటరుకి కూడా ఒకటిచ్చి ఉండాల్సింది.

అన్నట్టు, వెస్పా అంటే ఇటాలియను భాషలో కందిరీగ. యుద్ధం అయిపోయాక 1946లో పియాజియో కంపెనీ తెచ్చింది. రూపకల్పన చేసిన కొరాదీనో దస్కానియో విమానాల ఇంజనీరు. ఆయనకి మోటారు సైకిళ్ళంటే గిట్టదుట. గొలుసు, జిడ్డు బట్టలకంటకుండా ఇంజనుని వెనక చక్రం పక్కనే రేకు చాటున దాచాడు. ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒంటికాలి మీద నిలబెట్టాడు. అందుకే పంక్చరైతే నాలుగైదు నట్లు విప్పి స్టెప్నీ వేసుకోవచ్చు. మన దేశంలో బజాజ్ వారు 1960 నుంచి ఆ వెస్పాని ఇక్కడే తయారుచేశారు. ఆ ఒప్పందం ముగిశాక 1972లో సొంతంగా చేతక్ తెచ్చారు. మన హైదరాబాద్ ఆల్విన్ పేరుతో పుష్పక్ కూడా తిరిగింది. ఇప్పుడు చేతక్ పేరు బ్యాటరీ బండి మీదుంది. దానికి కిక్కూ లేదు, పొగా లేదు. చిన్నా లాంటివాళ్ళ కోసం పుట్టింది!

తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు మొదలైంది. అక్కడ గజలక్ష్మికి ఆయాసం పట్టుకుంది. మూడో గేరులో లాగదు. రెండులో మూలుగుతుంది. వెనక పొగ తెరలు తెరలుగా... మన పౌరాణిక చిత్రాల్లో నారదుడు దిగేటప్పుడు వచ్చినట్టు! చిన్నాని దిగమన్నాను. వాడు పక్కన నడుస్తూ వచ్చాడు. నిజం చెప్పాలంటే వాడే ముందెక్కాడు.

ఈ రోగం పేరు నాకు తెలుసు. కాలిన ఆయిలు మసి సైలెన్సరు లోపల గడ్డకట్టి ఉంటుంది. పొగ బయటికి పోలేకపోతే కొత్త గాలి లోపలికి రాలేదు. ముక్కు దిబ్బడేసినవాణ్ణి కొండెక్కమన్నట్టన్నమాట. రోడ్డు మీద చేసేదేం లేదు. పైకెళ్ళాక ఆపి, ఇంజను చల్లారేదాకా గట్టు మీద కూచున్నాం. కింద అఖాతం వంపు తిరిగి నీలంగా ఉంది. 2020 అక్టోబరులో ఇక్కడి రాళ్ళ మీదికే ఒక బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చింది. "ఓడకే తప్పలేదు, మన స్కూటరెంత" అన్నాడు చిన్నా. వాడికి కాస్త జాలి పుట్టినట్టు నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

రుషికొండ దాటాక రోడ్డు చదును. గజలక్ష్మి మళ్ళీ పాటెత్తుకుంది. కుడి చేతిన సముద్రం, ఎడమ చేతిన కొండలు. ఈ దారి మన సినిమావాళ్ళకి కన్నవారిల్లు. కొండ మీద రామానాయుడు స్టూడియో. 1978లో బాలచందర్ గారు కమల్ హాసన్, సరితలతో 'మరో చరిత్ర' తీసింది ఈ విశాఖలో, ఈ భీమిలిలోనే. "ఇక్కడ ఆపితే ఒక ఫోటో..." అని చిన్నా అంటుండగానే బండి తనంతట తానే ఆగింది!

మంగమారిపేట దగ్గర. ఒక దగ్గు, ఒక ఎక్కిళ్ళు, తర్వాత నిశ్శబ్దం. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. వాడు లారీ ఎక్కడ దొరుకుతుందా అని ఫోను తీశాడు. "జేబులో పెట్టరా" అన్నాను.

పాత స్కూటరు ఆగితే భయపడక్కర్లేదు. అడగాల్సినవి ముందు రెండే. పెట్రోలొస్తోందా? నిప్పొస్తోందా? డిక్కీ తెరిస్తే నాన్నగారి టాల్కం పౌడరు డబ్బా కనిపించింది. అందులో ప్లగ్గు స్పానరు, గరుకు కాగితం, స్పేరు ప్లగ్గు, గేరు వైరు, క్లచ్చి వైరు అన్నీ గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఇంజను చల్లారనిచ్చి ప్లగ్గు విప్పాం. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదని, తడిసి ముద్దయితే నిప్పు లేదనో పెట్రోలు ఎక్కువైందనో లెక్క. మాది తడిసింది. నల్లగా, కాటుక పెట్టుకున్నట్టు! రెండు మొనల మధ్య మసి వంతెన కట్టేసింది. మధ్య సందు ఉంటేనే నిప్పు దూకుతుంది. వంతెనుంటే నడిచిపోతుంది, ఇంక దూకడమెందుకు?

పాలిటెక్నిక్కులో ఎవరూ చెప్పని పాఠం చిన్నాకి అక్కడ చెప్పాను. పెట్రోలు తాళం మూసి, ప్లగ్గు లేకుండానే నాలుగు కిక్కులు కొట్టాం. లోపల ఎక్కువైన పెట్రోలు బయటికి పోయింది. ఒలికినది తుడిచి, తడి ఆరేదాకా ఆగాం. ప్లగ్గుని గరుకు కాగితంతో రుద్ది, క్యాపు తొడిగి, రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనించి నన్ను కిక్కు కొట్టమన్నాడు. వంగి చూసి, "నీలంగా మెరిసింది మావయ్యా!" అని అరిచాడు. మొదటి రోజు మొదటి ఆటలో హీరో ఎంట్రీకి కూడా వాడలా అరిచి ఉండడు.

చేతులు కడుక్కోడానికి ఒడ్డుకి దిగితే అలల్లో సహజ శిలాతోరణం! రాతిని సముద్రం తొలిచి చేసిన ద్వారం. ఈ దారిన వందసార్లు పోయి ఉంటాను, దిగి చూసింది అదే మొదలు. వెనక్కి తిరిగితే తొట్లకొండ. బౌద్ధ భిక్షువులు విహారం కట్టుకుని ఉన్న చోటు.

డబ్బా అడుగున ప్లాస్టిక్ కవరులో ఒక చిన్న నోటుబుక్కు దొరికింది. పోయించిన పెట్రోలు, తిరిగిన కిలోమీటర్లు, ఎక్కడికో, ఎందరో... ముప్ఫై ఏళ్ళ పైచిలుకు లెక్క, నాన్నగారి ముత్యాల అక్షరాల్లో. చిన్నా పైకి చదివాడు. "ఆస్పత్రి, ఇద్దరం." "సింహాచలం, ముగ్గురం." "భీమిలి, నలుగురం." నలుగురమంటే నాన్నగారి ముందు నిలబడి నేను, వెనక అమ్మ, మధ్యలో నలిగిపోతూ అక్కయ్య. హ్యాండిలు వెనకనుంచి సముద్రాన్ని చూసిన గుర్తు నాకిప్పటికీ ఉంది. "మా అమ్మ దీని మీద కూచుందా?" అన్నాడు వాడు. ఇనప సామానువాడి మాట ఆ తర్వాత ఎత్తలేదు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూశాం. డచ్చివాళ్ళ సమాధుల దగ్గర కాసేపు నిలబడ్డాం. వ్యాపారానికొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు! ఇడ్లీలు తిన్నాం. తర్వాత చెట్టు కింద ఒక ముసలి మెకానిక్కు. గజలక్ష్మిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏటి బాబూ, దీన్ని మూల కూకోబెట్టేసినారా? మసి పట్టీసింది. తిప్పితే గదా బండి!"

సైలెన్సరు విప్పి, కాల్చి, కర్రతో తట్టితే దోసెడు మసి రాలింది. ఆయన పని చేసినంతసేపూ చిన్నా పక్కన గొంతుక్కూచుని స్పానర్లు అందించాడు.

తిరుగు ప్రయాణంలో హ్యాండిలు వాడికిచ్చాను. ఎడమ చేత్తో క్లచ్చి పట్టి గేరు తిప్పడం వచ్చేసరికి ఎర్రమట్టి దిబ్బలు దాటిపోయాయి. తెన్నేటి పార్కు ఎత్తు మూడో గేరులో ఎక్కింది. ఎవరూ దిగలేదు! చీకటి పడింది. ఆ లైటుదొక వింత. ఇంజను జోరుగా తిరిగితే వెలుగు, నెమ్మదిస్తే మసక. మలుపుల దగ్గర వాడు జాగ్రత్తగా నెమ్మదించడం, దారి కనపడకుండా పోవడం, మళ్ళీ ఆక్సిలేటరు ఇవ్వడం... ఇల్లు చేరేసరికి ఎనిమిదయింది.

నాన్నగారు గేటు దగ్గరే ఉన్నారు. వీధి మలుపులోనే చప్పుడు విన్నారుట. "సైలెన్సరు బాగుచేయించారా?" అన్నారు. వంగలేక వంగి, సీటు కింద చెయ్యి పెట్టి, చిన్నా మరిచిపోయిన పెట్రోలు తాళం మూశారు. నోటుబుక్కు అడిగి తీసుకుని, మీటరు అంకె చూసి, కళ్ళజోడు సర్దుకుని రాశారు.

"భీమిలి, ఇద్దరు."

"సోమవారం ఆఫీసుకెళ్ళాలి, పాత కాగితాలు తీసి పెట్టు" అని అమ్మకి చెప్పి లోపలికెళ్ళారు.