పేరు ముందటి ‘డాక్టరు’

మా చిన్ననాట బరంపురమున మా వీధి మొగను ఒక ప్లీడరు గుమాస్తాగారి యిల్లుండెడిది. ఆయన వాకిటి కొయ్యపలకపై పేరును, పేరు ప్రక్కను ‘బి.ఏ. (ఫెయిల్)’ అనియు తెల్లరంగుతో వ్రాయించుకొనిరి. పిల్లలమందరము దానిని చూచి నవ్వెడివారము. ఒకనాడు మా తండ్రిగారు మా నవ్వు విని, “ఎందుకురా నవ్వుతారు? పరీక్ష దాకా చదివినాడు. తప్పినాడు. తప్పినానని వ్రాసుకున్నాడు. అందులో అబద్ధమేమున్నది?” అని కసరిరి. ఆ మాట మాకు డెబ్బదియేండ్లకు చేరువైన వయస్సున గాని అర్థము కాలేదు.

2018లో మాకొక లేఖ వచ్చెను. ఒరియా దేశమున తెలుగు భాషకు మేము చేసిన సేవను గుర్తించి ఒక విశ్వవిద్యాలయము మాకు గౌరవ డాక్టరేటు నొసగదలచినదనియు, సభ చెన్నైలో జరుగుననియు, నమోదు రుసుముగా ఇరువదివేల రూపాయలు ముందుగ పంపవలెననియు దాని సారాంశము. మేము ముప్పదిరెండేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పిన మాట నిజము. ఆ విశ్వవిద్యాలయము పేరు మున్నెన్నడును వినని మాటయు నిజము. రుసుము సంగతి విని మా యింటావిడ, “అర్ధరాత్రి ఎవరైనా తలుపు తట్టి మందిమ్మంటే ఏం చేస్తారు?” అని మాత్రమడిగినది. మేము నవ్వి ఊరకుంటిమి. సొమ్ము పంపితిమి.

ఒక హోటలు మేడమీద సభ. నల్లని గౌను, కుచ్చుటోపీ, ఛాయాచిత్రము. మాతోబాటు పట్టము పుచ్చుకొన్నవారు నలువదిమందికి తక్కువ లేరు. ఇద్దరు మాత్రము ఒకరి ముఖమొకరు చూచుకొనుటకు జంకుచుండిరి. అందొకరము మేము.

చట్టమును మేమెరుగకపోలేదు. 1956 నాటి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘపు చట్టము ప్రకారము కేంద్ర శాసనముచే గాని రాష్ట్ర శాసనముచే గాని ఏర్పడిన విశ్వవిద్యాలయములకును, తత్సమాన ప్రతిపత్తి గల సంస్థలకును, పార్లమెంటు ప్రత్యేకముగ అధికారమిచ్చినవానికిని మాత్రమే పట్టము లిచ్చు హక్కు కలదు. ఉల్లంఘించినవారికి ఆ చట్టము విధించిన జరిమానా వేయి రూపాయలకు మించదు. మేము చెల్లించినది దానికి ఇరువది రెట్లు! నిజమైన విశ్వవిద్యాలయ మిచ్చిన గౌరవ డాక్టరేటును సైతము పేరు ముందు తగిలించుకొనకుండుటయే పెద్దల సంప్రదాయము. 2023 ఫిబ్రవరిలో చెన్నైలోని అణ్ణా విశ్వవిద్యాలయపు సభామందిరమున ఒక సంస్థ సినిమా ప్రముఖులకు కూడ ఇట్టి పట్టములు పంచగా, తమకు దానితో సంబంధము లేదని ఆ విశ్వవిద్యాలయమువారు పోలీసులకు ఫిర్యాదు చేసిరి. ఆ వేదిక నమ్మదగినది గావున అచట పుచ్చుకొన్నవారు మోసపోయితిమనవచ్చును. మాకు ఆ సాకును లేదు.

తిరిగివచ్చిన పిమ్మట ఉగాది సభలో మన సంఘమువారు శాలువ కప్పిరి. ఆహ్వానపత్రికలపై ‘డాక్టరు’ అచ్చయ్యెను. ఎవ్వరును ఏ విశ్వవిద్యాలయమని అడుగలేదు. పరరాష్ట్రమున తరతరములుగ నున్న మనబోటివారికి కచేరీలలో మాట చెల్లవలెనన్న పేరు ముందొక బరువుండవలెనను తలంపు లోలోపల కలదు. దానిని మేము కాదనము. ప్రాథమిక పాఠశాలలలో తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలను నింపవలసినదని సంఘము కలెక్టరుగారికి పంపిన అర్జీలో మొదటి సంతకము మాది, ‘డాక్టరు’తో సహా. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అర్జీలోని పిల్లల లెక్క మేము ఇల్లిల్లు తిరిగి వ్రాసికొన్నది. అందొక్క అంకెయు అసత్యము కాదు. అసత్యము సంతకములో నుండెను.

తరువాత ఏడాదికి మా పాత శిష్యురాలొకతె వచ్చినది. గంజాము జిల్లా పల్లెల తెలుగు పలుకుబడులపై ఆరేండ్లుగా పరిశోధన చేయుచు, బస్సులేని ఊళ్లకు నడచిపోయి ముసలివారి మాటలు సేకరించుచున్నది. “డాక్టరు గారూ, మీ పరిశోధన గ్రంథం ఒకసారి చూపిస్తారా? ఉదాహరించుకుంటాను” అని అడిగినది. “అది ఇప్పుడు దొరకదమ్మా” అంటిమి. కాఫీ త్రాగి వెళ్లిపోయినది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సిగ్గుకన్న ముందు కలిగినది భయము. ఏ గుమాస్తాయో ఆ పట్టమెక్కడిదని విచారించినచో, సంతకము బూటకమైనప్పుడు పిల్లల లెక్క మాత్రమెట్లు నిజమగునని అడుగడా? అప్పుడు మేమేమి చెప్పగలము? మా కీర్తికాంక్ష కొరకు ఆ పిల్లల అర్జీని పణముగ పెట్టితిమి గదా!

మా ప్రాంతపు పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులై యుండి, ప్రయివేటుగా చదివి బి.ఏ. ప్యాసైరి. సవరల నడుమ తిరిగి వారి భాష నేర్చి, దానికి వాచకములు, వ్యాకరణము, నిఘంటువు కూర్చిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ‘కళాప్రపూర్ణ’ బిరుదిచ్చినప్పటికి ఆయన చేయవలసిన పని చాలవరకు ముగిసియే యున్నది. (ఇట్టి గ్రాంథికపు వాసన గల భాషలో తమ పేరు తలచినందుకు పంతులుగారు మమ్ము క్షమింతురు గాక!) పర్లాకిమిడి మీదుగ పోయినప్పుడెల్ల మాకు మా గౌను జ్ఞాపకము వచ్చుచుండెను.

పది దినములకు ఆ అమ్మాయికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. కొంతసేపు మాటలేదు. పిమ్మట, “నాకు తెలుసు మాస్టారూ. అర్జీ మీద చూసినప్పుడే తెలుసు. ఎలా చెప్పాలో తెలియలేదు” అన్నది. చిన్ననాటి ‘మాస్టారూ’ అను పిలుపు విని మాకు కన్నులు చెమర్చినవి.

సంఘమున చెప్పుట ఇంతకన్న కష్టమయ్యెను. కార్యదర్శిగారు, “అచ్చువేసిన కాగితాలు ఇంకా రెండు వందలున్నాయండీ” అనిరి. అసలు కారణమది కాదు. కార్యవర్గమున మఱి యిద్దరికి అట్టి పట్టములే కలవు. మేము దిగినచో వారును దిగవలసివచ్చును. వారితో మేము వాదింపలేదు. వాదించు అర్హత ఇంకను మాకు రాలేదు. రెండవ అర్జీని మాత్రము ‘విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు’ అని సంతకము చేసి పంపితిమి.

ఆ గౌను తొడిగికొని మా మనుమడు బడి వేషాల పోటీలో జడ్జి వేషము వేసినాడు. టోపీ కుచ్చు ఎలుకలు కొరికినవి. ఈ సంచికకు వ్యాసము పంపుచు మా పేరుకు ముందు ఏమియు చేర్పవలదని సంపాదకులకు విడిగా కార్డు వ్రాసితిమి. అలవాటుచొప్పున ఎవరైన ఆ రెండక్షరములు చేర్చి అచ్చువేసిన యెడల, చదువరులు దయచేసి కలముతో కొట్టివేయవలసినదిగ ప్రార్థించుచున్నాము.