మూడో దొంగ లేచే వేళ

గోదావరిఖని, జనవరి 15

అమ్మా,

చేరాను. నీ తమ్ముడు స్టేషన్‌కు వచ్చాడు. మోకాళ్లు నొస్తున్నాయంటూనే టెలిస్కోపు సంచీ నన్ను మోయనివ్వలేదు. నువ్విచ్చిన సకినాలు సగం రైల్లోనే అయిపోయాయి, మిగిలినవి అత్తమ్మకు ఇచ్చాను.

కాజీపేట దాటాక ఎదురొచ్చినవన్నీ బొగ్గు వ్యాగన్లే. రామగుండంలో దిగి ఖని దారి పడితే ఎన్‌టీపీసీ పొగగొట్టాలు, వాటి మీద ఎర్రదీపాలు. 2,600 మెగావాట్లకు మించి కరెంటు పుట్టే చోటది. ఆకాశం నల్లగా లేదు, పలచటి ఇటుకరంగులో ఉంది.

భోజనాలయ్యాక మేడ ఎక్కాను. చిన్నప్పుడు నువ్వు గొల్లకావడి అని చూపించిన మూడు చుక్కలూ దాదాపు నడినెత్తిన ఉన్నాయి. వాటి చుట్టూ నాలుగు మూలలా నాలుగు పెద్ద చుక్కలుంటాయి కదా, ఆ నాలుగింటి లోపల ఎన్ని కనిపిస్తాయో ఏ ఊరికి పోయినా లెక్కపెడతాను. ఊరి చీకటిని కొలవడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి నాకు తెలియదు. ఇక్కడ ఐదే దొరికాయి.

జనవరి 16

అమ్మా,

పొద్దున మామ ట్రంకుపెట్టె తీసి ఒక రాతిపలక నా చేతిలో పెట్టాడు. బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో పైకప్పు నుంచి రాలిందట. మీద ఆకు అచ్చు. నాలుకలా కోలగా ఉంది, నడిమి ఈనె ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తోంది. పుస్తకాల్లో దీని పేరు గ్లాసోప్టెరిస్, ‘నాలుక ఫెర్న్’ అని అర్థం. ఇదే ఆకు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, మంచు కప్పుకున్న అంటార్కిటికాలో కూడా దొరికింది. అప్పుడు ఇవన్నీ ఒకే ఖండం. ఆ ఖండానికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు గోండ్వానా, మన గోండుల నేల పేరు.

ఆ చెట్లు తాగిన ఎండే ఈ బొగ్గు. వాటి వయసు పాతిక ముప్ఫై కోట్ల ఏళ్లు. సూర్యుడు మనందరినీ వెంటేసుకుని పాలపుంత చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు 22 నుంచి 25 కోట్ల ఏళ్లు పడుతుంది. ఈ ఆకు పచ్చగా ఉన్ననాటి నుంచి సూర్యుడికి ఒక్క ప్రదక్షిణ పూర్తయిందంతే, రెండోది ఈ మధ్యే మొదలైంది. పలక ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నానమ్మా.

మధ్యాహ్నం స్కైలాబ్ ముచ్చట వచ్చింది. 1979లో అది మీద పడుతుందన్న భయంతో మన ఊళ్లో కోళ్లన్నీ కోసుకు తిన్నారని, మేకలను వచ్చిన ధరకు అమ్మేశారని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. మామ సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. జులై 11న ఆయన రెండో షిఫ్టులో ఉన్నాడు. “అవ్వ పోవద్దని ఏడ్సింది. మీద పడితే బాయిలున్నోడే బతుకుతడే అని చెప్పి పోయిన. కిందికి దిగినంక ఎవ్వడు మాట్లాడలె. మేం బతికి, పైన మీరెవ్వరు లేకపోతే ఎట్ల?” ఈ మాట చెప్పేటప్పుడు మామ నా వైపు చూడలేదు. షిఫ్టు దిగి పైకి రాగానే ముందు ఆకాశం చూశాడట, తర్వాత మన ఊరి దిక్కు.

స్కైలాబ్ 1973 మేలో అమెరికా పంపిన అంతరిక్ష కేంద్రం. ముగ్గురేసి చొప్పున మూడు జట్లు అందులో ఉండి వచ్చాయి. 1974 ఫిబ్రవరి నుంచి ఖాళీ. తర్వాత సూర్యుడి ఉద్ధృతి పెరిగి పై గాలిపొరలు వేడెక్కి ఉబ్బాయి. ఆ రాపిడికి అనుకున్నదానికన్నా ముందే కిందికి జారింది. మన గడియారంలో రాత్రి పది దాటగానే ముక్కలై కొంత హిందూ మహాసముద్రంలో, కొంత ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ ఊరి పరిసరాల్లో పడింది. మామ పైకి రాకముందే ఆ కథ ముగిసిపోయిందన్నమాట. చెబితే, “అప్పుడే ఎవరన్న చెప్తే బాగుండు” అన్నాడు.

ఆ భయాన్ని పల్లెటూరి అమాయకత్వమని నవ్వేయడం నాకు నచ్చదు. డెబ్బై టన్నులు దాటిన ఆ వస్తువు ఎక్కడ కూలుతుందో దాన్ని పంపినవాళ్లే ఖాయంగా చెప్పలేకపోయారు. మన అవ్వ ఏడవడంలో తప్పేముంది?

జనవరి 17, అర్ధరాత్రి

అమ్మా,

గోదావరి ఒడ్డు నుంచి ఇప్పుడే వచ్చాం. మామ, నేను, పక్కింటి పిల్లగాడు. అతను ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. రేపు అమావాస్య. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే అరగంట కావాలని ఇద్దరి ఫోన్లూ జేబుల్లో పెట్టించాను. బాయిలో క్యాప్ ల్యాంపు ఆర్పితే ఎంతసేపు కూర్చున్నా మన చెయ్యి మనకు కనిపించదట. “గిది చీకటి కాదుర. ఓపిక పడితే కనవడ్తది” అన్నాడు మామ.

నిజంగానే కనిపించాయి. గొల్లకావడి చుట్టూ పదకొండు లెక్కపెట్టాను.

డంపర్ తమ్ముడికి గురుగ్రహాన్ని చూపించాను. 1610లో గెలీలియో దాని చందమామలను మొదట చూసింది కూడా జనవరిలోనే. “ఇవి దాని చుట్టు తిరుగుతయా? షిఫ్టు ఎంతసేపు?” అని అడిగాడు. అయోకు 42 గంటలు, కాలిస్టోకు దాదాపు 17 రోజులు అన్నాను. కన్ను తీయకుండా, “రెండోదానికి ఓటీ ఇయ్యాలె” అన్నాడు.

దీపాల మాట అతనే ఎత్తాడు. క్వారీ లోపల ఫ్లడ్‌లైట్లు లేకపోతే ప్రాణాలు పోతాయి, వాటిని ఎవరూ ఆర్పమనరు. కానీ వీధుల్లో ఆకాశానికి ఎత్తి పట్టినట్టు వెలిగే దీపాలెందుకు? పైన రేకు టోపీ పెడితే ఆ వెలుగంతా నడిచే మనిషి కాళ్ల ముందు పడుతుంది. ఇన్ని కోట్ల ఏళ్లు నేలలో దాగిన ఎండను మనుషులు ప్రాణాలొడ్డి తవ్వి తెస్తుంటే, దాన్ని ఊరికే పైకి చిమ్మడం నాకు కష్టంగా ఉంది.

అప్పటికే ఉత్తరాన, కొంచెం తూర్పుకు, ముసలమ్మ మంచం నీళ్ల మీదుగా లేచి ఉంది. మంచం కోళ్లు నాలుగూ ముందు, ముగ్గురు దొంగలు వెనక. గోండులూ ఈ చుక్కలను మంచమనీ దొంగలనీ అంటారని చెబితే మామకు ఎంత సంతోషమో! నడిమి దొంగే సప్తర్షుల్లో వశిష్ఠుడు. పక్కన అరుంధతి కూడా ఉంటుందని చూపిస్తే, “మీ అత్తకు పెండ్లినాడు ఉత్తగనే కనవడ్డదని చెప్పిన, ఇయ్యాల చూసిన” అన్నాడు.

మూడో దొంగ అవతలి ఒడ్డు చెట్ల మీదికి వచ్చాడు. మామ వాచీ చూడలేదు. “సంక్రాంతి దినాలల్ల వీడు లేసిండంటే రెండో షిఫ్టు దిగుతది” అన్నాడు. కాసేపటికి ఊరి వైపు నుంచి సైరన్ కూసింది.

ఎల్లుండి బయల్దేరుతున్నాను. ఆకు పలక నీకే ఇమ్మన్నాడు. అత్తమ్మ పాతచీరలో చుట్టి ఇస్తే సంచీలో బట్టల మధ్య పెట్టాను.