బొయానా గోడలయెదుట

బల్గేరియా దేశమునకు పోయినవారు సోఫియా నగరమందలి అలెగ్జాండర్ నెవ్‌స్కీ మహాదేవాలయపు బంగారు గోపురములను చూచి అబ్బురపడుట సహజమే గాని, నా మనస్సు మాత్రము ఆ నగరపు అంచున, వితోషా పర్వతపాదమున, చెట్లచాటున నొదిగియున్న బొయానా చర్చివద్దనే నిలిచిపోయినది. 1259లో, అనగా ఇటలీ చిత్రకారుడు జోట్టో యింకను జన్మింపకమునుపే, చిత్రకారు లచట లిఖించిన భిత్తిచిత్రములలో, ఆ గుడిని విస్తరింపజేసిన కలోయాన్ ప్రభువు దాని నమూనాను చేతబట్టి నిలువగా, ఆతని భార్య దెసిస్లావా, కిరీటధారిణియై, సజీవమూర్తివలె మనవైపు చూచుచుండును. దేవతాచిత్రముల నడుమ ఈ మానుషముఖము లింత చనువుగ పలుకరించునని నేనెన్నడును తలపలేదు. శ్వాసలోని తేమ రంగులకు హాని సేయునని లోనికి కొద్దిమందినే కొద్ది నిమిషములకే అనుమతింతురు. విసుగుకొనువారు కలరు గాని, నాకది ముమ్మాటికిని న్యాయముగనే తోచినది.

1833నాటి అగ్నిప్రమాదమునకు పిమ్మట పునర్నిర్మితమైన, బల్గేరియాలోని రీలా మఠమున, ఆ మంటలను తప్పించుకొన్న 1335నాటి హ్రెల్యో బురుజుకన్న నన్నెక్కువగ కదిలించినది రఫాయిల్ అను సన్న్యాసి చెక్కిన కొయ్యసిలువ. అందు గోటియంత బొమ్మలు వందలుగ కలవు. 1802లో అది పూర్తియగునప్పటికి ఆతని చూపు పోయినదందురు.

ప్లోవ్‌దివ్‌ నగరములోని రోమను రంగస్థలమందు, ఏ తెగవా రెచట కూర్చుండవలెనో తెలుపు పేర్లు నేటికిని రాతిమెట్లపై చదువనగును. వేసవిలో ఆ మెట్లపైననే జనులు కూర్చుండి సంగీతనాటకములు చూచుచున్నారు.