ప్రొపెల్లర్ తిరగాలి

హెండన్, లండన్
శుక్రవారం రాత్రి

నాన్నగారూ,

ఎయిర్‌షో రేపు, డక్స్‌ఫర్డ్‌లో. ఈ రోజంతా హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలోనే గడిచిపోయింది. కారణం ఒక రెండంతస్తుల రెక్కల విమానం. పేరు డీహెచ్ 9ఏ, నంబరు ఎఫ్ 1010. కొయ్య చట్రం, దాని మీద బిగించి కట్టిన గుడ్డ, ముక్కు దగ్గర 400 హార్స్‌పవర్ల అమెరికన్ లిబర్టీ ఇంజను. పక్కభాగం మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. హైదరాబాద్ నిజాం ప్రభువు బహూకరించినది అని వాటి అర్థం.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు ఈ విమానాలు సమకూరాయి. అందుకే ఆ స్క్వాడ్రన్ పేరులో 'హైదరాబాద్' చేరింది. 1918 అక్టోబరు 5న జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్ళిన ఎఫ్ 1010 తిరిగి రాలేదు. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. జర్మన్లు విమానాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరింది, చాలా ఏళ్ళు క్రాకోలో ఉండిపోయింది, 1977లో బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. హైదరాబాద్ పేరు మోస్తూ ఇన్ని దేశాలు తిరిగిన వస్తువు ఇంకోటి ఉందా అనిపిస్తుంది!

విమానం మీద నిజాం ఇచ్చాడనే రాశారు. ఆ ఖజానా నిండింది మాత్రం మన తెలంగాణ రైతులు, మరాఠ్వాడా రైతులు, కన్నడ జిల్లాల రైతులు కట్టిన శిస్తుతో. అక్షరాల్లో ఆ మాట లేదు.

లోపల వెలుతురు తక్కువ. ఊపిరి బిగబట్టి, కెమెరాను కదలనీయకుండా తీయాల్సి వచ్చింది. ఫొటోలు బాగానే వచ్చాయి. ప్రొపెల్లర్ మాత్రం నిలువుగా, మేకు కొట్టినట్టు ఉంది.


డక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌షైర్
శనివారం

నాన్నగారూ,

పొద్దున గేటు తెరిచే వేళకే క్యూ రోడ్డు దాకా ఉంది. మోచేయంత లెన్సులు భుజాన వేసుకున్న ముసలివాళ్ళు, చెవులకు రక్షణ తొడిగిన పసిపిల్లలు, ఫ్లాస్కుల్లో టీ. ముందుగా రన్‌వే పక్కన నిలిపిన విమానాల మధ్య నడవనిస్తారు. దానికి వేరే టికెట్టు. చమురు మరకలు, అతుకులు, రివెట్లు దగ్గర నుంచి తీయాలంటే ఆ గంటే దిక్కు.

ఈ మైదానం మామూలుది కాదు. రాయల్ ఎయిర్‌ఫోర్స్ స్క్వాడ్రన్లలో చేరిన తొలి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం 1938 ఆగస్టు 4న ఇక్కడే దిగింది, 19వ స్క్వాడ్రన్ కోసం. 1943 నుంచి అమెరికన్ల 78వ ఫైటర్ గ్రూపు ఇక్కడి నుంచే ఎగిరింది. ఇప్పుడిది ఇంపీరియల్ వార్ మ్యూజియం వారిది. యూరప్ మొత్తంలో ఎగరగలిగిన ఒకే ఒక్క బీ-17 బాంబరు 'శాలీ బి' ఉండేదీ ఇక్కడే. అలాంటి గుండ్రని ఇంజన్లు రాజుకునేటప్పుడు గుప్పున పొగ కక్కుతాయి. అనుభవమున్న ఫొటోగ్రాఫర్లు ఆ రెండు మూడు సెకన్ల కోసమే అరగంట ముందు నుంచి కాచుకుని కూర్చుంటారు.

ఫొటోలకు ఇక్కడ ఒక పెద్ద ఇబ్బంది ఉంది. జనం ఉత్తరాన, రన్‌వే దక్షిణాన. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నేరుగా లెన్సులోకే వస్తాడు, విమానం నల్లటి నీడలా పడుతుంది. సూర్యుడు పడమటికి వాలాక గానీ రంగులు బయటికి రావు. ఎండ కాచిన రన్‌వే మీద వేడిగాలి తరంగాలు లేస్తే, దూరంగా టాక్సీ చేస్తున్న విమానం నీళ్ళలో చూసినట్టు వణుకుతుంది. దానికి లెన్సు మార్చినా లాభం లేదు.

అసలు విద్య షట్టర్ వేగంలో ఉంది. జెట్ విమానాన్ని సెకనులో వెయ్యో వంతులో తీసినా పరవాలేదు. స్పిట్‌ఫైర్‌ను అలా తీస్తే చచ్చినట్టు ఉంటుంది. ప్రొపెల్లర్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతోందనుకుంటే, సెకనులో వెయ్యో వంతులో అది కదిలేది ఆరు డిగ్రీలు. ప్రొపెల్లర్ రెక్కలు గడ్డకట్టినట్టు కనబడతాయి, విమానం దారంతో వేలాడదీసిన బొమ్మ అయిపోతుంది. అదే 125వ వంతుకు దించితే 48 డిగ్రీలు తిరుగుతుంది, ఒక్కో రెక్కా పలచటి విసనకర్రలా పరుచుకుంటుంది. అయితే అంతసేపు షట్టర్ తెరిచి ఉంటే చేయి కూడా విమానంతో సమానంగా తిరగాలి. నడుం దగ్గర నుంచి తిరగాలి, మీట నొక్కాక కూడా ఆగకూడదు. వంద తీస్తే పది నిలిస్తే అదృష్టం. ఆ పదింటి కోసం తొంభై పోగొట్టుకోవడమే సరైన పద్ధతి. భయపడి వేగం పెంచుకున్నవాడికి నూరూ స్పష్టంగా వస్తాయి, ఒక్కటీ ఎగరదు.


కేంబ్రిడ్జ్
ఆదివారం రాత్రి

నాన్నగారూ,

రెండు రోజుల్లో మూడు వేల పైచిలుకు ఫొటోలు. వాటిలో మీకు పంపదలచినది ఒకటే, ఎన్ 3200.

ఈ స్పిట్‌ఫైర్ డక్స్‌ఫర్డ్ 19వ స్క్వాడ్రన్‌దే. డంకర్క్ నుంచి సైనికులను ఓడల్లో తరలించడం మొదలైన రోజున, 1940 మే 26న, ఆ తీరం మీద కాపలాకు వెళ్ళింది. నడిపినవాడు ఆ స్క్వాడ్రన్ నాయకుడు జెఫ్రీ స్టీఫెన్‌సన్. దెబ్బ తిన్న విమానాన్ని కలే దగ్గర సాంగట్ ఇసుక తీరంలో దించాడు, జర్మన్లకు చిక్కాడు. విమానం మెల్లగా ఇసుకలో కూరుకుపోయింది. 1986లో బయటికి తీశారు. ఏళ్ళ తరబడి బాగుచేశాక 2014లో మళ్ళీ డక్స్‌ఫర్డ్‌లోనే గాలిలోకి లేచింది. ఏడాది తర్వాత దాని యజమాని మ్యూజియానికి దానంగా ఇచ్చేశాడు. అదే యజమాని దగ్గరున్న దీని జోడీ పీ 9374, అదీ కలే తీరపు ఇసుకలోంచి వచ్చినదే, 2015లో వేలంలో 31 లక్షల పౌండ్లు పలికింది.

సాయంత్రపు ఎండలో అది పక్కకు వాలి తిరిగినప్పుడు రెక్కల పైభాగపు ఆకుపచ్చ, గోధుమ రంగులు ఒక్కసారిగా వెలిగాయి. షట్టర్ 125. తోక కొంచెం చెదిరింది, ముక్కు నిలిచింది, ప్రొపెల్లర్ తిరుగుతోంది.

ఇంకొక్క మాట. ఆ 1940 వేసవిలోనే ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, వార్మ్‌వెల్ నుంచి, స్పిట్‌ఫైర్లతో పోరాడింది 152వ స్క్వాడ్రన్. దానికీ 'హైదరాబాద్' అనే పేరు. చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది. మన ఊళ్ళో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఈ ఫొటో, హెండన్‌లో తీసినది ఒకటి, రెండూ ప్రింటు వేయించి అన్నయ్య చేత పంపిస్తున్నాను. అద్దం కట్టించే ముందు వెనక మీ చేతిరాతతో రాయండి. ఒకదాని మీద: ఎన్ 3200, జెఫ్రీ స్టీఫెన్‌సన్, 1940 మే 26. హెండన్ దాని మీద: ఎఫ్ 1010, 1918, హైదరాబాద్ సంస్థానపు రైతుల సొమ్ము.